తుంటి మీద ముడి

మస్తాన్‌బీ నోటి గురించి ఆ ఊళ్ళో అందరూ ఏదో ఒకటి చెబుతారు. సత్తెనపల్లి దాటి పడమటి వైపు వెళ్తే నల్లరేగడి చేల మధ్య ఉంటుంది ఆ ఊరు. పత్తి తీత మొదలైతే చాలు, కోడి కుయ్యకముందే ఆమె గొంతు లేచేది. దూదేకుల వీధిలో మొదలుపెట్టి, ఒక్కో గుమ్మం ముందూ ఆగి ఒక్కో తిట్టు తిట్టి, ముఠాలో ఆడవాళ్ళందరినీ ఇళ్ళల్లోంచి బయటికి లాక్కొచ్చేది.

"ఏమే జ్యోతిర్మయీ, ఇంకా జడే వేసుకుంటున్నావా? పత్తిచేలో నీకు పెళ్ళిచూపులేం పెట్టలేదే!"

తిట్టించుకున్నవాళ్ళు నవ్వుకుంటూ వచ్చేవాళ్ళు. ఎవరికీ కోపం ఉండేది కాదు. ఎవరింట్లో పిల్లకి జ్వరమొచ్చినా, ఎవరి మొగుడు తాగి చెయ్యి చేసుకున్నా ముందుగా వెళ్ళి నిలబడేది ఆవిడే. ఒకసారి కూలి దగ్గర ఓ రైతు మాట తప్పితే, అతని వాకిట్లో కూర్చుని పొద్దెక్కేదాకా లేవలేదు. ఆ రైతు భార్యే లోపల్నించి కాఫీ తెచ్చిచ్చి, మొగుణ్ణి కడిగేసిందట. అది మస్తాన్‌బీ అంటే.

మొన్నటి పంట దాకా సంగతి ఇది. ఇప్పుడు కూడా ఆమే మేస్త్రి. ఇప్పుడు కూడా తెల్లవారుజామునే వీధిలోకి వస్తుంది. కానీ గుమ్మం ముందు ఊరికే నిలబడుతుంది. గొలుసు మెల్లిగా తట్టి పక్కింటికి వెళ్ళిపోతుంది. "తిట్టవే మస్తానక్కా, తిట్టకపోతే ఒళ్ళు వంగట్లేదు" అని జ్యోతిర్మయి ఒకరోజు నవ్వించబోయింది. ఆవిడ నవ్వలేదు. అందుకే ఈ కథ చెప్పాల్సి వచ్చింది.

మస్తాన్‌బీని పర్చూరులో ఇచ్చారు. మొగుడు పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో పని చేసేవాడు, మంచివాడే, కానీ ఆయుష్షు లేదు. పిల్లలు పుట్టకుండానే ఆమె తిరిగి పుట్టింటికి వచ్చేసింది. వచ్చేసరికి తల్లి మంచంలో ఉంది. ఆ మంచం పక్కన, ఇంకా సరిగ్గా మాటలు కూడా రాని చెల్లెలు సిద్దికా. లేక లేక, అందరూ ముక్కున వేలేసుకునే వయసులో పుట్టిన పిల్ల. తల్లి పోతూ పోతూ ఆ పిల్ల చేతిని పెద్దదాని చేతిలో పెట్టింది.  

తల్లి మాబూబీ పేరున్న మంత్రసాని. ఆసుపత్రులు ఊళ్ళకి దగ్గర కాకముందు చుట్టుపక్కల ఏ ఇంట్లో నొప్పులు మొదలైనా, కులం మతం చూడకుండా ఆమెకే కబురొచ్చేది. మస్తాన్‌బీ చిన్నప్పుడు తల్లి వెనకే తిరిగి చూసింది. కాన్పు ఇంట్లోకి అడుగుపెట్టగానే మాబూబీ చేసే మొదటి పని ముడులు విప్పడం. జడ ముడి, కొంగు ముడి, లంగా బొందు, చివరికి ఇంట్లో పెట్టెలకి కట్టిన తాళ్ళూ, గోతాల మూతులూ కూడా విప్పించేది. నొప్పులు పడే మనిషి చుట్టుపక్కల ముడి అన్నది ఉండకూడదు, ముడి ఉంటే ప్రాణం ఎక్కడో చిక్కుకుంటుంది అనేది. ఆ మాట నిజమో కాదో ఎవరూ అడగలేదు. ఆమె చేతిలో పోయిన తల్లులు తక్కువ, అది మాత్రం ఊరందరికీ తెలుసు.

ఆ పని మస్తాన్‌బీకి ఎప్పుడూ అబ్బలేదు. ఆమెకి వచ్చింది పత్తి తీత. పత్తి తీసేవాళ్ళు పాత చీరని ఒడిలా కట్టుకుంటారు కదా, తీసిన పత్తి అందులో వేసుకుంటూ పోతారు. చాలామంది నడుముకి కట్టుకుని, సాయంత్రానికి నడుం పట్టేసిందని మూలుగుతారు. మస్తాన్‌బీ తన ముఠాలో ఎవరినీ అలా కట్టుకోనిచ్చేది కాదు. చీరని కిందికి దించి, తుంటి చుట్టూ తిప్పి, బిగించి ముడి వెయ్యాలి. బరువు నడుం మీద కాదు, తుంటి మీద కూర్చోవాలి. కొత్తగా వచ్చిన వాళ్ళకి తనే దగ్గరుండి కట్టేది. "అబ్బా, బిగుతుగా ఉందక్కా" అంటే, "ఉండాలే, ముసలిదానివయ్యాక నన్ను తల్చుకుంటావు" అనేది.

సిద్దికాకి మాత్రం పెళ్ళయ్యాక కూడా ఆ ముడి తనే వేసేది. ఆ పిల్ల కట్టుకోలేక కాదు. చేలోకి దిగేముందు అక్క ముందు నిలబడి చేతులు పైకెత్తడం ఆ పిల్లకి అలవాటు. బడికెళ్ళే పిల్లలు గుండీలు పెట్టించుకోవడానికి నిలబడతారే, అలాగ. ముఠాలో ఆడవాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. "గాడిదకొచ్చినట్టు వయసొచ్చింది, ఇంకా అక్క కట్టాలా?" అంటే, "మీకు అక్క లేదని కుళ్ళు" అనేది సిద్దికా. ఆ అక్క ఆ పిల్ల అడిగింది ఏదీ కాదనలేదు. చదువు మానేస్తానంటే నాలుగు తిట్టి సరే అంది. సత్తెనపల్లిలో ఆటో తోలే వాసింని చేసుకుంటానంటే, వారం రోజులు మూతి ముడుచుకుని తిరిగి, చివరికి తనే వెళ్ళి మాట్లాడి వచ్చింది. వాసిం నెమ్మదస్తుడు. వదిన ముందు నోరు విప్పడానికే భయపడేవాడు. అతని భయం చూసి అక్కాచెల్లెళ్ళు వంటింట్లో నోళ్ళు నొక్కుకుని నవ్వుకునేవాళ్ళు.

ఆ రోజు బుల్లయ్యగారి చేలో రెండో తీత. అంతకుముందు ముసురు పట్టి వదిలింది. పైన ఎండ కాస్తున్నా, కింద రేగడి ఇంకా ఆరలేదు. అడుగేస్తే చెప్పుకి అరకిలో మట్టి. గట్టు పక్కన బాట మీద ట్రాక్టరు లేకుండా దాని వెనక తగిలించే ట్రక్కు ఒక్కటే నిలబెట్టి ఉంది. దాని చక్రాల కింద రాళ్ళు పెట్టి, డ్రైవరు బాలు ట్రాక్టరుని ఇంకో చేనికి తోలుకెళ్ళాడు. ఎప్పుడూ అలాగే చేసేవాడు, ఎప్పుడూ ఏమీ కాలేదు. కానీ అక్కడ బాట వెనక్కి వాలుగా ఉంది. రాళ్ళ కింద నేల మెత్తగా ఉంది. మధ్యాహ్నం అన్నాల వేళకి గోతాలు ఒక్కొక్కటే ఎక్కించి తొక్కుతుంటే బరువు పెరిగింది.

ఒడి నిండా పత్తితో సిద్దికా కాటా దగ్గరికి వస్తోంది. ట్రక్కు వెనక నుంచి తిరిగి వస్తే దగ్గర. ఎదురుగా గట్టు మీద కూర్చున్న అక్కని చూసి, "ఈరోజు నీకంటే నాదే ఎక్కువ, చూస్కో" అంది. అప్పుడే రాయి జారింది.

ట్రక్కు పెద్ద వేగంగా ఏమీ రాలేదు. బద్ధకంగా కదిలినట్టు కదిలింది. వెనక చెక్క సిద్దికా పొట్ట కింద తగిలి, ఆ పిల్లని గట్టుకేసి అదిమి ఆగిపోయింది. కేక కూడా పెద్దగా రాలేదు. గోతాలు ఎక్కిస్తున్న మగవాళ్ళూ, ముఠా ఆడవాళ్ళూ అందరూ ఒక్క ఊపున ట్రక్కుని ముందుకి నెట్టారు. సిద్దికా గట్టు వారన జారి కూర్చుంది.

 కాళ్ళూ చేతులూ ఆడకుండా నిలబడిపోయే మనిషి కాదు మస్తాన్‌బీ. ఒక్క ఉదుటున వెళ్ళి చెల్లెల్ని పట్టుకుంది. ముందు చూసింది రక్తం కోసం. ఎక్కడా చుక్క లేదు. చర్మం కూడా చిట్లలేదు.

"రక్తం రాలేదే, గండం గడిచిందే తల్లీ" అంది జ్యోతిర్మయి ఏడుస్తూ. అందరూ అదే అనుకున్నారు. బుల్లయ్యగారు ఆకాశంకేసి చూసి దండం పెట్టాడు.

సిద్దికా మొహం మాత్రం పాలిపోయింది. రెండు చేతులూ పొట్ట కింద అదిమి పట్టుకుంది.

"అక్కా, బిగుసుకుపోతోందే. ఊపిరాడట్లేదు."

"మగోళ్ళంతా అటు పొండి!" అని గసిరింది మస్తాన్‌బీ. "ఏం, ఆడపిల్ల నడుం కింద దెబ్బ తగిల్తే మీరేం చూస్తారు? పొండి!"

మగవాళ్ళు దూరంగా వెళ్ళారు. ఆడవాళ్ళు కొంగులు విప్పి చుట్టూ తెరలా పట్టుకున్నారు. నొప్పి నడుం కింద. పళ్ళు బిగబట్టి మూలిగే ఆడమనిషి. మస్తాన్‌బీ చేతులకి ఇంకేమీ గుర్తు రాలేదు. ముందు జడ విప్పింది. లంగా బొందు వదులు చేసింది. తర్వాత, పొద్దున తన చేతులతోనే వేసిన ఒడి ముడి పట్టుకుంది. చెమటకి తడిసి, పత్తి బరువుకి లాగుకుపోయి అది రాయిలా ఉంది. వేళ్ళకి లొంగలేదు. వంగి పళ్ళతో పట్టి లాగింది. ముడి వచ్చింది. చీర వదులై పత్తంతా సిద్దికా కాళ్ళ మీదా మట్టిలోనూ కుప్పగా పడింది.

"హమ్మా" అని ఊపిరి వదిలింది సిద్దికా. "ప్రాణం లేచొచ్చిందే అక్కా."

ఆ మాటకి అక్కడున్న ఆడవాళ్ళందరి ప్రాణాలూ లేచొచ్చాయి. అప్పుడే సిద్దికా రెండు పాదాలూ చెరో పక్కకి వాలిపోయాయి, ఎవరో తిప్పి పెట్టినట్టు. జ్యోతిర్మయి చూసింది గానీ, నీరసం అనుకుంది. పిల్లని లేపి కూర్చోబెట్టి, మస్తాన్‌బీ తన గుండెకి ఆనించుకుని నీళ్ళు తాగించింది.

ఫోన్ చెయ్యగానే వాసిం ఆటో వేసుకుని వచ్చేశాడు. మెత్తగా ఉంటుందని సీటు మీద పత్తి పరిచారు. పిల్ల సీటులో పొడుగ్గా పట్టదు కాబట్టి మోకాళ్ళు మడిచి పడుకోబెట్టారు, తల అక్క ఒళ్ళో. ఆ దారి సంగతి ఆ దారిలో పోయినవాళ్ళకే తెలుసు. ఆటో ఎగిరినప్పుడల్లా సిద్దికా "అమ్మా" అంటూ అక్క చీర పట్టుకుంది. కాసేపటికి అనడం తగ్గింది. దాహం అంది. చలేస్తోంది అంది. మిట్టమధ్యాహ్నం ఎండలో చలేమిటో మస్తాన్‌బీకి అర్థం కాలేదు. కొంగు తీసి కప్పింది. సత్తెనపల్లిలో ఒక డాక్టరు ఆటోలోనే నాడి చూసి, ఇక్కడ వద్దు, ఆలస్యం చెయ్యకుండా గుంటూరు తీసుకెళ్ళమని సెలైన్ పెట్టి అంబులెన్సు ఎక్కించాడు.

అంబులెన్సు వెళ్ళింది గుంటూరు బ్రాడీపేటలో ఎముకల ఆసుపత్రికి. స్ట్రెచర్ లోపలికి వెళ్ళీ వెళ్ళగానే ఒక డాక్టరమ్మ వచ్చింది. జెస్సీ ఆమె పేరు. మనిషి సన్నగా ఉంటుంది, మాట మాత్రం ఖచ్చితం. సిద్దికా కాళ్ళకేసి ఒక్కసారి చూసి, ఇంకేమీ అడక్కుండా వెడల్పాటి బెల్టు తెప్పించింది. ఇద్దరు నర్సులు చెరో పక్కనా పట్టుకున్నారు. దాన్ని తుంటి చుట్టూ తిప్పి గట్టిగా లాగి బిగించారు. సిద్దికా పెట్టిన కేక వీధిలో సోడా బండివాడికి కూడా వినిపించి ఉంటుంది.

మస్తాన్‌బీ తలుపు తోసుకుని లోపలికి వచ్చేసింది. "ఏం మనుషులమ్మా మీరు? నొప్పితో చచ్చిపోతున్న పిల్లని అట్లా బిగిస్తారా? మీ పిల్లైతే ఇట్టాగే చేస్తారా?"

 జెస్సీ తన పని పూర్తి చేసుకుంది. రక్తం తెప్పించమని వాసింని పరిగెత్తించింది. ఎక్స్‌రే ఫోటోలు తీయించింది. ఆ తర్వాత మస్తాన్‌బీని పక్కకి పిలిచి, కుర్చీలో కూర్చోబెట్టి ఫోటో చూపించింది.

"మీరు నెత్తిన కుండ పెట్టుకునేటప్పుడు చుట్టకుదురు పెట్టుకుంటారు కదమ్మా?"

"పెట్టుకుంటాం."

"మన తుంటి దగ్గర ఎముకలు అలాంటి చుట్టకుదురే. అది ముందు వైపు తెగిపోయి తెరుచుకుంది. వెనక కూడా వదులైపోయింది. లోపల రక్తనాళాలు తెగి రక్తం అంతా పొట్ట కిందే చేరుతోంది. బయటికి ఒక్క చుక్క కూడా రాదు. అందుకే జనం ఏమీ కాలేదనుకుంటారు. తెరుచుకున్నదాన్ని దగ్గరికి నొక్కి కట్టేస్తే లోపల రక్తానికి చోటు తగ్గుతుంది, కారడం నెమ్మదిస్తుంది. అందుకే ఆ బెల్టు. నొప్పి ఉంటుంది, కానీ విప్పకూడదు. పొలంలోనే ఏ చీరో, దుప్పటో తుంటి చుట్టూ గట్టిగా కట్టి, కదపకుండా తెచ్చుంటే ఇంకా బాగుండేది. మీకెవరు చెబుతారులెండి, ఇది అందరికీ తెలిసే విషయం కాదు."

మస్తాన్‌బీ ఫోటోలో ఆ తెరుచుకున్న చోట వేలు పెట్టింది.

"కట్టే ఉందమ్మా" అంది.

"ఏంటీ?"

"చీర కట్టే ఉంది. తుంటి చుట్టూ. నేనే కట్టాను. గట్టిగానే కట్టాను." తన చేతులకేసి చూసుకుంది. "నేనే విప్పాను. పళ్ళతో విప్పాను."

 జెస్సీ కుర్చీ దగ్గరికి లాక్కుని మెల్లిగా చెప్పింది. ఒక్కదాని మీద ఏదీ తేలదు, ఎవరు బతుకుతారు, ఎవరు లేచి నడుస్తారు అన్నదానికి చాలా ఉంటాయి, ఎముక ఎటు విరిగింది, ఎంత రక్తం పోయింది, ఎంత తొందరగా వచ్చారు, మూత్రం సంచికి దెబ్బ తగిలిందా, మనిషి వయసెంత, ఇవన్నీ కలుస్తాయి అంది. మీ చెల్లెలు వయసులో ఉంది, అది మనకి కలిసొచ్చే సంగతి, బీపీ కాస్త నిలబడితే ఆపరేషన్ చేస్తాం అంది. ఆ చీర ఉంచినా ఆగేదో లేదో ఎవరూ చెప్పలేరమ్మా అని కూడా అంది. అన్నీ నిజాలే. మంచి మనసుతో చెప్పిన నిజాలు. మస్తాన్‌బీ చెవికి మాత్రం ఒక్కటే ఎక్కింది. విప్పకూడదు.

సాయంత్రం చెల్లెలి పక్కన కూర్చోనిచ్చారు. వాసిం రక్తం కోసం తిరుగుతున్నాడు. సిద్దికా మొహం గోడ రంగులో ఉంది. కానీ స్పృహ ఉంది, మాట ఉంది. అక్క చెవి దగ్గరికి రమ్మని, పొద్దున్నుంచీ ఒంటికి వెళ్ళలేదు, వెళ్దామంటే రావట్లేదు అని గుసగుసలాడింది. ఇంతసేపూ అక్కడ మగ నర్సున్నాడని సిగ్గుపడి చెప్పలేదట. మస్తాన్‌బీ పరుగున వెళ్ళి చెప్పింది. వాళ్ళు గొట్టం వేస్తే ఎర్రగా వచ్చింది. మూత్రం సంచికి కూడా దెబ్బ తగిలిందని జెస్సీ నర్సుతో రాయించింది.

అందరూ అటు వెళ్ళాక సిద్దికా మొదలుపెట్టింది.

"అక్కా, ఈ బెల్టు కాస్త వదులు చెయ్యవే."

"వద్దన్నారే."

"వాళ్ళకేం తెలుసే. వాళ్ళకా నొప్పి? నీకు తెలుసు. పొలంలో నువ్వు ముడి విప్పగానే ఎంత హాయిగా ఉందో! నువ్వు లేకపోతే అక్కడే పోయేదాన్ని."

 అవునమ్మా, ఆ హాయే నిన్ను ఇక్కడికి తెచ్చిందని మస్తాన్‌బీ ఎలా చెబుతుంది? చెబితే పిల్ల బెదిరిపోతుంది. చెప్పకపోతే పిల్ల అడుగుతూనే ఉంటుంది. నుదురు నిమిరింది. కాస్త ఓర్చుకోవే, ఆపరేషన్ అయిపోతే ఇంటికి వెళ్ళిపోదాం, నీకిష్టమైన బొమ్మిడాయిల పులుసు పెడతాను అంది.

"పులుసొద్దు. ఒక్కసారి వదులు చెయ్యి. మళ్ళీ బిగించెయ్. వాళ్ళు చూడకముందే."

"వద్దే సిద్దీ."

"ఒక్కసారే. నేనడిగితే ఎప్పుడన్నా కాదన్నావా?"

అనలేదు. అదే కదా వచ్చిన చిక్కు. ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగాక ఆ నోటితో అడిగిన దేనికీ ఆమె కాదనలేదు. చెయ్యి దానంతటదే బెల్టు దాకా వెళ్ళింది. వెళ్ళి, కాలినట్టు వెనక్కి వచ్చింది.

సిద్దికా అది చూసింది. తనే చెయ్యి చాపి బెల్టు అంచు పట్టుకుంది. బలం లేని చెయ్యి, అయినా పట్టుదల ఉంది. మస్తాన్‌బీ ఆ చేతిని లాగేసింది. రెండోది వచ్చింది. అదీ పట్టుకుంది. రెండు మణికట్లూ తన గుప్పిట్లో ఇరికించి, మంచానికి అదిమి పెట్టింది. పత్తి గోతాలు ఎత్తిన చేతులవి, ఆ పిల్ల ఎక్కడ విడిపించుకోగలదు!

"వదులు."

"వదలనే తల్లీ."

"వదులు! నొప్పే అక్కా, నొప్పి... చచ్చిపోతానే..."

"చావవు. నేను చావనివ్వను."

"నువ్వు అమ్మవైతే ఇట్టా చేస్తావా?" అంది సిద్దికా. "అమ్మ నొప్పులు పడేవాళ్ళ ముడులన్నీ విప్పేదంట. నువ్వే చెప్పావు. నువ్వు కన్నదానివి కాదు, అందుకే నీకు తెలీట్లేదు."

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. మస్తాన్‌బీ కళ్ళ నుంచి నీళ్ళు చెల్లెలి చేతుల మీద పడ్డాయి. తుడుచుకోవడానికి తన చేతులు ఖాళీ లేవు. వదల్లేదు. ఒకటే మాట, "వదలనే, వదలనే" అని అనుకుంటూ కూర్చుంది. సిద్దికా కాసేపు తిట్టింది, కాసేపు బతిమాలింది, చివరికి మొహం అటు తిప్పేసుకుంది. అంతసేపు అక్కతో మాట్లాడకుండా ఆ పిల్ల ఎన్నడూ ఉండలేదు.

వాసిం రక్తం సంచులు తెచ్చి నర్సుకిచ్చి లోపలికి వచ్చాడు. మంచం మీద భార్య చేతులు అదిమి పట్టుకుని ఏడుస్తున్న వదినని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఈవిణ్ణి బయటికి పంపించు" అంది సిద్దికా.

"సిద్దికా, అదేం మాట..."

"పంపించు. ఈవిడ మొహం నాకొద్దు."

అక్క అనలేదు. ఈవిడ అంది.  వాసిం జీవితంలో ఎన్నడూ మస్తాన్‌బీకి ఇది చెయ్యి అని చెప్పినవాడు కాదు.

"వదినా... కాసేపు బయట కూర్చో. నేను చూసుకుంటాలే."

మస్తాన్‌బీ లేచింది. లేస్తూ చెల్లెలి మణికట్లు రెండూ అతని చేతుల్లో పెట్టింది.

"వదలొద్దు అబ్బాయ్" అంది. "బెల్టు మీద చెయ్యి వెయ్యనీకు. ఏడ్చినా సరే, తిట్టినా సరే. నిన్ను కూడా తిడుతుంది. పడు."

బయట బల్ల మీద కూర్చుంది. తలుపు సందులోంచి సిద్దికా గొంతు వినిపిస్తుందేమో అని చెవి అటే పెట్టింది. తిట్టినా బాగుండును అనుకుంది. వీధిలో ట్యూషన్లు వదిలిపెట్టారు, పిల్లలు గోలగోలగా పోతున్నారు. పొద్దు వాలి, దగ్గరి మసీదులో నమాజు పిలుపు మొదలైంది. ఆమె కొంగు తల మీదికి లాక్కుంది. దువా చెయ్యడానికి చేతులు చాపింది గానీ ఏమడగాలో తెలియలేదు. బతికించమని అడగాలా, లేకపోతే ఒక్కసారి లోపలికి పిలిపించమని అడగాలా? ఒకటే అడగనిస్తారేమో అన్నట్టు తేల్చుకోలేక కూర్చుంది. లోపలికి వెళ్ళి చెప్పేద్దామని ఒకసారి లేచింది కూడా. నేను పొలంలో తప్పు చేశానే, అందుకే ఇక్కడ విప్పట్లేదు, అంతేగానీ నీ మీద ప్రేమ లేక కాదు అని. అది చెబితే ఆ పిల్ల కోపం పోతుంది. కానీ ఆ పిల్లకి ఇప్పుడు కావాల్సింది ధైర్యం, నిజం కాదు అని మళ్ళీ కూర్చుంది. ఆపరేషన్ అయ్యాక చెప్పుకోవచ్చు. ఇంటికెళ్ళాక తీరిగ్గా చెప్పుకుని, కావలసినన్ని తిట్లు తినొచ్చు.

ఆ తర్వాత కాసేపటికి నర్సులు పరిగెత్తారు. జెస్సీ దాదాపు పరుగులాంటి నడకతో వచ్చి లోపలికి వెళ్ళింది. ఇంకో డాక్టరు వెళ్ళాడు. రక్తం ఎక్కిస్తున్నకొద్దీ లోపల పోతూనే ఉంది, బీపీ నిలబడేదాకా ఆగకుండా ఆపరేషన్‌కి తీసుకెళ్ళిపోదాం అనుకున్నారట. మంచం గుమ్మం కూడా దాటలేదు.

జెస్సీ వచ్చి పక్కన కూర్చుని, ఆమె చెయ్యి పట్టుకుని చెప్పింది. మస్తాన్‌బీ ఏడవలేదు. అరవలేదు. ఆ గొంతుకి ఆ రోజు ఇంక ఏదీ మిగల్లేదు. డాక్టరమ్మ చెప్పే మాటలన్నిటికీ తలూపింది. బెల్టు చివరిదాకా అలాగే ఉందా అని మాత్రం అడిగింది. ఉందమ్మా అంది జెస్సీ.

వాసిం ఎంతో సేపటికి బయటికి వచ్చాడు. అతని చేతుల మీద గోళ్ళ గీతలున్నాయి. వదినకి ఎదురుగా గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"నన్నడిగిందా?" అంది మస్తాన్‌బీ.

వాసిం నేలకేసి చూశాడు. పెళ్ళి మాటలప్పుడు తన సంపాదన గురించి కాస్త ఎక్కువ చేసి చెప్పబోయి, మస్తాన్‌బీ ఒక్క చూపు చూస్తే సగంలోనే ఆపేసి నిజం చెప్పేసిన మనిషి అతను. అబద్ధం ఆడేటప్పుడు అతని చెవులు ఎర్రబడతాయని అక్కాచెల్లెళ్ళిద్దరికీ తెలుసు.

"అడిగింది వదినా" అన్నాడు. "అక్క ఏదీ అంది."

అతని చెవులు ఎర్రగా ఉన్నాయి. మస్తాన్‌బీ చూసింది. 

"ఇంకోసారి చెప్పు" అంది.

వాసిం ఆమె పాదాల దగ్గర నేల మీద కూర్చున్నాడు. "అక్క ఏదీ అంది వదినా" అని ఇంకోసారి చెప్పాడు.